చూసినవారి పట్టిక

ఫోనులో నా పేరు మిస్టర్ కోల్.
అసలు పేరు కాదు, ఆఫీసు ఇచ్చింది,
చలికోటు లాంటిది.
సాయంత్రం ఆరింటికి కొక్కేనికి తగిలించి పోతాను.

బఫెలోలో ఉక్కు మిల్లు మూతపడ్డాక
మావాళ్ళకి దొరికిన పని ఇదే.
ఎవరో ఎవరికో బాకీపడ్డ డబ్బుని
మా యజమాని డాలరుకి నాలుగు సెంట్ల చొప్పున
సంత ముగిసే వేళ వాడిన కూరలు కొన్నట్టు
గుట్టగా కొంటాడు.
మేం ఫోన్లు చేస్తాం.

ఫైలు తెరిచే ముందు కంప్యూటరు అడుగుతుంది:
ఎందుకు చూస్తున్నావు?
జవాబులూ తనే ఇస్తుంది, కింద వరుసగా.
మొదటిది బాకీ వసూలు.
రోజుకి డెబ్బైసార్లు నొక్కుతాను దాన్ని
ఎవరో తుమ్మితే చిరంజీవ అన్నంత ఆలోచనతో.

నవంబరు, సరస్సు మీంచి మొదటి మంచు దిగిన వారం,
జాబితాలో రోజాలిన్ ఒల్షెవ్‌స్కీ.
మా బడి లైబ్రరీ ఆవిడ.
ఆసుపత్రి బాకీ, పద్దెనిమిది వందల అరవై.
ఆ ఖాతా నాది కాదు, పక్క వరుసలో ఇమానీది.
అందరూ వెళ్ళిపోయాక
వాక్యూమ్ ఊడ్చే మనిషి అటు చివర ఉండగా
నేను తెరిచాను.
ఎందుకు చూస్తున్నావు?
బాకీ వసూలు, అన్నాను.

నాలుగు చిరునామాలు.
మూడోది వారానికింతని అద్దెకిచ్చే మోటెల్,
నాకు తెలుసు, దాని బోర్డులో సగం అక్షరాలు వెలగవు.
కారు అప్పు, కట్టడం ఆగిన నెల.
ఉమ్మడి ఖాతాలో రెండో పేరు పక్కన
మృతుడు అని, మూడే అక్షరాలు.
ఆయన పోయిన సంగతి నాకలా తెలిసింది.
పరామర్శకి వెళ్ళకుండానే
ఇల్లంతా తిరిగొచ్చినట్టయింది, బూట్లతో.

ఐదో తరగతిలో
జలాంతర్గాముల పుస్తకం ఒకటి పోగొట్టాను.
తొమ్మిది డాలర్ల జరిమానా.
ఆవిడ రిజిస్టరు తిప్పి, రబ్బరుతో ఆ వరుస తుడిచి,
రబ్బరు పొట్టు ఉఫ్మని ఊదేసింది.
అదే ఏడు మా నాన్న వచ్చాడు,
ఇల్లు విడిచి వెళ్ళిన కొత్తలో,
వీడేం పుస్తకాలు పట్టుకెళ్తున్నాడో చూపించమని.
ఆవిడ కార్డుల సొరుగు మూసింది.
"అది మీ అబ్బాయికీ నాకూ మధ్య," అంది.
నాన్న గొంతు పెంచాడు. ఆవిడ పెంచలేదు.
సొరుగు మీద చెయ్యి మాత్రం తియ్యలేదు.

ఫిబ్రవరిలో ఉత్తరం వచ్చింది, చేత్తో రాసింది,
అదే గుండ్రటి దస్తూరి.
నా ఫైలు నేను తెప్పించుకున్నాను.
చివరి పేజీలో చూసినవారి పట్టిక ఉంది.
మీ పేరు ఐదుసార్లు.
నాలుగింటికి కారణం తెలుసు: బాకీ ఉన్నాను, కాదనను.
ఐదో తేదీన మీరు ఫోను చెయ్యలేదు, ఉత్తరం రాయలేదు.
ఆ రోజు నన్ను చూసినవారు
ఏం కావాలని చూశారో చెప్పగలరా?

సూపర్‌వైజరు కాగితం నా బల్ల మీద పడేశాడు.
"మామూలు జవాబు పంపెయ్, కోల్."
మామూలు జవాబు నాకు కంఠతా వచ్చు:
చట్టం అనుమతించిన ప్రయోజనం కోసమే.
ఆ జాబితాలో నా కారణం లేదు.
ఎలా ఉన్నారో అని, అనే గడి ఎవరూ పెట్టలేదు.
పెట్టినా నొక్కే హక్కు నాకుందా?
బాగున్నారా అని అడగాలంటే తలుపు తట్టాలి.
నేను గోడకి కన్నం వేశాను.
ఏమీ ఎత్తుకుపోలేదు అనుకున్నాను.
కానీ నిన్న కిరాణా కొట్లో ఆవిడ నా ముందు వరుసలో,
రెండు సూపు డబ్బాలు తీసి పక్కన పెట్టేసింది.
ఎందుకో నాకు తెలుసు.
నాకు తెలుసని ఆవిడకి తెలీదు.
ఎత్తుకొచ్చింది అదీ.

ఆ పట్టికలో వరుస రెండేళ్ళుంటుందట.
రబ్బరు పనిచెయ్యదు.

మామూలు జవాబు చించేసి
తెల్లకాగితం మీద మొదలుపెట్టాను.
ఐదు వాక్యాలు. ఒకదాంట్లో క్షమించమని ఉంది.
ఉద్యోగం గురించి ఏమీ రాయలేదు,
అదెలాగూ పోతుంది.
కింద అసలు పేరు పెట్టాను, టాడ్ జిలిన్‌స్కీ.
దాని పక్కన, ఎందుకో మరి,
ఐదో తరగతి, బి సెక్షన్.