అగ్గిపెట్టె పాత్రేనా?

గ్రిమ్స్‌బీలో గురువారం.
హంబర్ మీంచి వచ్చిన చేపల వాసన
హాజరు పిలుస్తున్నట్టు
ఒక్కో బల్ల దగ్గరా ఆగి వెళ్తోంది.

వీళ్ళకి నేను మిస్ ఉప్పు.
ఉప్పులూరి మొత్తం నోట్లో పట్టదట.
ఉప్పంటే ఏమిటో చెప్పిన రోజు
"మరి వెనిగర్ ఎవరు మిస్?" అన్నారెవరో వెనకబెంచీలో.
అప్పట్నుంచీ హెడ్మాస్టర్ని సూటిగా చూడలేకపోతున్నాను.

ఈ వారం కథలో
లైట్‌హౌస్ కాపలాదారు ఒక రాత్రి దీపం వెలిగించలేదు.
నారింజపళ్ళ ఓడ రాళ్ళకు కొట్టుకుంది.
ఎందుకు వెలిగించలేదో పుస్తకం చెప్పదు.
పిల్లలు నిమిషంలో తేల్చేశారు:
తాగి పడుకున్నాడు. చెడ్డవాడు.
అయిపోయింది, మిస్.

అయిపోలేదు.
ఆ రాత్రిలో మీరే ఎవరో ఒకరు అయిపోండి.
మూడే పాదాలు. ఐదు, ఏడు, ఐదు.
గడ్డం కింద చెయ్యి పెట్టుకోండి,
దవడ ఎన్నిసార్లు దిగితే అన్ని అక్షరాలు.

ఇరవై తొమ్మిది గడ్డాలు
కోళ్ళు నీళ్ళు తాగుతున్నట్టు.

నేనా,
పదో తరగతిలో భ ర న భ భ ర వ అనుకుంటూ
పద్యం నెత్తిన గురువులూ లఘువులూ ఎక్కించి
యతి దగ్గర సున్నా చుట్టి
నాలుక్కి నాలుగు మార్కులు తెచ్చుకున్నదాన్ని.
ఆ పద్యంలో ఏడుస్తున్నది ఎవరో
ఇప్పటికీ తెలీదు.

కాలమ్ చేప అయ్యాడు.

    ఓడ పగిలె
    నారింజపండ్ల వాన
    మా పండగలే

ఫ్రేయా అగ్గిపెట్టె అయింది.

    తడవలేదు
    నిండుగానే ఉన్నాను
    అడగలేదు

గొడవ.
అగ్గిపెట్టె పాత్రేమిటి మిస్, దానికి పేరే లేదు.
కాపలావాడికి మాత్రం ఉందా, అంది ఫ్రేయా.
పేజీలు ముందుకీ వెనక్కీ తిప్పారు.
లేదు.
చేతులెత్తించాను. పదిహేడు, పదకొండు.
అగ్గిపెట్టె గెలిచింది.

ఎటూ చెయ్యెత్తనిది ఒక్కడు, వుకాష్.
ఎవరికీ అక్కర్లేకపోయిన ఆ కాపలాదారుని
వాడు తీసుకున్నాడు.

    దీపం ముందర
    కూర్చున్నాను. చేతులు

మూడో పాదం చోట ఐదు చుక్కలు.
అక్షరాలు తక్కువయ్యాయి కదూ, అన్నాను.
లేదు మిస్, లెక్కపెట్టాను.
గడ్డం కింద చెయ్యి పెట్టి చూపించాడు:
నోరు తెరిచాడు, మూశాడు,
తెరిచాడు, మూశాడు,
మాట లేకుండా ఐదుసార్లు.
కాలమ్ "చేప!" అని నవ్వబోయి
సగంలో మానేశాడు.

సాయంత్రం ఫారం నింపాలి.
పాత్ర మనసు గ్రహించగలడు:
అవును, ఇంకా నేర్చుకుంటున్నాడు, రెండే గళ్ళు.
వుకాష్ పేరెదుట అవును.
కింద, సంతకం చేసే చోట
నా కోసం గడి ఏదీ లేదు.

బస్‌స్టాప్‌లో చలి.
పదో తరగతి పద్యం గుర్తొచ్చినంత మేర
గడ్డం కింద చెయ్యి పెట్టుకుని
గొంతు లేకుండా చదువుతున్నాను, భ, ర, న,
మూడో గణం దగ్గర ఎవరో ఆడమనిషి
ఎవరినో పిలుస్తోంది,
పేరు గుర్తు రావడం లేదు.

పక్కన చిప్స్ తింటున్న ముసలాయన
నా నోరు తెరుచుకోవడం మూసుకోవడం కాసేపు చూసి
పొట్లం ఇటు చాపాడు.
తీసుకోమ్మా,
ఉప్పు కాస్త ఎక్కువే పడింది, అన్నాడు.