చేబదులు

ఐలి రౌతియో పోయిన సంగతి
డులూత్ పత్రికలో ఏడు లైన్లయింది.
ఇనుపరాయి రేవులో ముప్ఫై ఒక్క ఏళ్లు తూకం గుమాస్తా,
చర్చివాళ్ల వంటల పుస్తకానికి సంపాదకురాలు,
కొన్ని మాయాకథల నవలలు కూడా రాశారు.
ఆ "కూడా" దగ్గర
కాఫీ కప్పు కింద పెట్టేశాను.

ఆమెను ఒక్కసారే చూశాను.
డెబ్భై ఎనిమిది మార్చి, సరస్సు ఇంకా గడ్డకట్టే ఉంది.
బస్సు డిపో పక్క పాత పుస్తకాల కొట్లో
తన పుస్తకాన్ని తనే పావు డాలరిచ్చి కొంటోంది.
నాకు పంతొమ్మిది. బావుంటుందా అని అడిగాను.
అరచేతిలో పెట్టుకుని, రెండుసార్లు ఎగరేసి,
"ఆరు ఔన్సులు" అంది.
నా చేతిలో పెట్టి వెళ్లిపోయింది.

ఆమె మాంత్రికులకు గడ్డాలుండవు,
నడుం నొప్పులుంటాయి.
మంత్రం నేర్చుకోవడమంటే మూట ఎత్తుకోవడం.
నిప్పు పుట్టించేది నాలుగు పౌన్లు,
చచ్చినవాణ్ణి పలకరించేది తడిసిన గోధుమ బస్తా.
దించుకోవడానికి లేదు, దారిలో పారేయడానికి లేదు,
ఇంకొకరి వీపు మీదికి మార్చడం ఒక్కటే.
చివర్లో ముసలి సరంగు
తన తుఫానును ఒక కుర్రాడికి ఎత్తడానికి మనసు రాక
ఉప్పు వంతెన మీదే చతికిలబడతాడు.
అంతే. తర్వాతి పేజీ లేదు.
చిరిగిందనుకుని కొట్టుకు తిరిగి వెళ్లాను నేను.

ఆ చలికాలమే, చర్చి నేలమాళిగలో
బాయిలర్ పక్కన ఐదుగురం,
అరిగిన ఇరవై ముఖాల పాచిక ఒకటి,
జిరాక్సు కాగితాల మీద ఆట నియమాలు.
బలం, తెలివి, అదృష్టం, వాటి కింద
"మోత" అని ఒక గడి.
చూడగానే గుర్తుపట్టాను,
సంతలో మనింటి చెంబును గుర్తుపట్టినట్టు.

కెనోషాలో ఎవరో ఇన్సూరెన్స్ ఏజెంటు గీశాడట ఆ గడి.
ఆమెను చదివినవాడే.
రెండో ముద్రణలో అతని పేరు పోయింది,
ఆమె పేరు ముందు నుంచీ లేదు.
గడి మాత్రం నిలబడింది,
ఆట మారినా, పెట్టె రంగు మారినా,
కాగితం పోయి కంప్యూటర్ తెర వచ్చినా.

తర్వాత గ్డాన్స్క్‌లో ఒకాయన శాపాలను కిలోల్లో రాశాడు.
మనీలాలో ఒకావిడ కథలో దేవతలు
రేవు కూలీల్లా వంగి నడిచారు.
అడిగితే, ఎక్కడో చదివానన్నాడు ఆయన,
చిన్నప్పుడు ఆడిన ఆటలోదన్నది ఆవిడ.
అబద్ధమేం కాదు.
చేబదులుకు కాగితం ఉండదు,
ఇచ్చినావిడ అడగనూ లేదు.
నాకే ఒళ్లు మండేది.
ఆమె పేరు వేయండని ప్రచురణకర్తలకు
పదకొండు ఉత్తరాలు రాశాను.
ఒకరు క్యాలెండర్ పంపారు.

బస్సు నడపడం మానేశాక
శనివారాలు లైబ్రరీలో పిల్లల చేత ఆడిస్తున్నాను.
మొన్న కాలియా, పన్నెండేళ్లుంటాయేమో,
"ఖడ్గానికి సరే, పాటకు బరువేమిటి?" అని నిలదీసింది.
నేను గొంతు సవరించుకున్నాను,
రేవు, తూకం గది, ఆరు ఔన్సులు,
అన్నీ వరసగా నాలుక మీదికొచ్చాయి.
ఆలోపే పెన్సిల్ కొరుక్కుంటూ
మోత గడిలో రాసేసింది ఆ పిల్ల:
అమ్మమ్మ కుట్టిన కథల గుడ్డ. మెకాంగ్ దాటి వచ్చింది.
తడిస్తే ఎక్కువ.

"పొడిగా ఉంటే ఎంత?" అన్నాను.
"పొడిగా ఉన్నప్పుడు ఎవరూ మొయ్యలేదు,
గోడకుంది" అంది.

పాచిక దొర్లి రేడియేటర్ కిందికి పోయింది.
అందరూ నేల మీద బోర్లా పడి వెతుకుతుంటే
బయట ఈ ఏటి మొదటి ఓడ కూసింది.
వంతెన పైకి లేస్తున్న చప్పుడు.

నియమాల పుస్తకం అంచున రాసుకున్నాను,
తడిస్తే ఎక్కువ, అని.
ఇంటికొచ్చి చూసుకుంటే
పక్కన ఆ పిల్ల పేరు రాయలేదు.