చదరపు మీటరు

సోమవారం ఐదింటిలోపు ఫారం ఇచ్చెయ్యాలి.
ఆరో సెమిస్టరుకి
గళ్ళు ఐదు, టిక్కులు రెండే.

ఆక్వాకల్చర్ పెట్టుకోమంటుంది రిజ్వానా.
కైకలూరు వైపు చెరువుల్లో ఉద్యోగం ఖాయమట,
వాళ్ళ చిన్నాన్న మేత కంపెనీలోనే చేస్తాడు.
మేత, మందు, ఆక్సిజన్, టన్నుకి ఇంత:
లెక్క తేలిపోయే చదువు.

నాకేమో తేలనివే తగులుకుంటాయి.

మొన్న బుడమేరు కట్ట మీద
పీవీసీ పైపులతో మేమే చేసుకున్న చదరం,
మీటరుకి మీటరు.
కళ్ళు మూసుకుని విసరమన్నారు కోటిరత్నం మేడం.
"చూసి వేస్తే నీకు నచ్చిందే లెక్కలోకొస్తుంది."
విసిరాను.
సగం గట్టు మీద, సగం నీళ్ళలో పడింది.

గడ్డి మూడు రకాలు.
గుర్రపుడెక్క పదకొండు మొక్కలు,
వేళ్ళకి అంటుకుని నత్తలు.
పాల ప్యాకెట్టు.
పేరు తెలియని పసుపు పువ్వొకటి, గోరంత.
చిన్నపిల్ల చెప్పు, ఎడమకాలిది,
పట్టీ మీద చమ్కీలు ఇంకా రాలలేదు.

"చెప్పు కూడా రాయాలా మేడం?"
ఆవిడ కాసేపు ఏమీ అనలేదు.
"రాయి. ఏ గడిలో రాస్తావో నువ్వే తేల్చుకో."

మా ఇల్లు సింగ్‌నగర్‌లో.
గోడ మీద వరద గీత,
స్విచ్‌బోర్డుకి జానెడు పైన.
నాన్న రెండుసార్లు సున్నం వేయించాడు.
ఎండాకాలమంతా దాక్కుని
తొలివానకి మళ్ళీ బయటికొస్తుంది.
రేషన్ కార్డు, కుట్టుమిషన్ మోటారు, నా మార్కుల లిస్టులు
అన్నీ ఆ గీతకి పైనే సర్దుతుంది అమ్మ.

పాఠంలో దీన్ని వరద మైదానం అంటారు.
పరీక్షలో రాశాను, ఐదుకి నాలుగున్నర.
ఆ అరమార్కు ఎక్కడ పోయిందో
మా వీధినడిగితే చెబుతుంది.

ఏరు తన దారి మర్చిపోదని ఎవరైనా అంటే
నాన్నకి ఒళ్ళు మండుతుంది.
"రిజిస్ట్రేషన్ కాగితాల మీద
ఏరు సంతకం ఎక్కడుందిరా?" అంటాడు.

నాక్కావలసిన పేపరు ఐదోది:
పట్టణ నేల, నీటి పటాలు.
పదిమంది లేకపోతే ఎత్తేస్తారట.
ఇప్పటికి ఏడుగురం.
ఒక జాతి నిలవడానికి కనీసం ఎన్ని ఉండాలో
పోయిన వారమే చెప్పుకున్నాం క్లాసులో.
అప్పుడు కొంగల గురించి అనుకున్నాను.

రాత్రి డాబా మీద ఫారం పరిచి
కళ్ళు మూసుకుని పెన్ను వదిలాను.
రెండు గళ్ళ మధ్య గీత మీద పడింది.
పెన్ను తీసి,
ఈసారి చూసే పెట్టాను ఐదోదానికి టిక్కు.
రెండోది ఇంకా ఖాళీ.

రిజ్వానాకి ఫోన్ చేశాను.
"ఎనిమిదోదానివి అవుతావా?"
నవ్వింది. "జీతమెంత?" అంది.
ఏదో చెప్పబోతుంటే
"నీళ్ళొచ్చాయే, పెట్టేస్తున్నా" అని
పంపు దగ్గరికి పరిగెత్తింది.

మామూలు మాటే.
మా పేటలో మాత్రం అది వింటే
ఇప్పటికీ
ఒకసారి లేచి నిలబడతాం.