లెక్కలోకొచ్చిన నీళ్ళు

ఇప్స్విచ్‌లో మా ఇంటికి నీటి బిల్లు
మేం వాడిన నీళ్ళకి వచ్చేది కాదు.
ముప్పై అయిదేళ్ళ కిందట
ఎవరో గుమాస్తా వీధిలో నిలబడి
ఈ ఇటుకలకి కట్టిన వెలని బట్టి వచ్చేది.
తాగినా అంతే, తోడి పారబోసినా అంతే.

పడకగదుల కన్నా మనుషులు తక్కువైతే
మీటరే లాభమని పక్కింటి డోరీన్ సూత్రం.
మాకు గదులు మూడు.
మనుషులం ఇద్దరం, సుభాషిణి నైట్ డ్యూటీల్లో ఉన్న వారాల్లో
ఒకటిన్నర.
"నచ్చకపోతే రెండేళ్ళలోపు వెనక్కి పోవచ్చట" అన్నాను.
"దేంట్లోంచి?" అంది తను, సాక్సులు విప్పుతూ.

మార్చిలో ఒకతను వచ్చి
పేవ్‌మెంటు తవ్వి, నల్ల మూత బిగించి,
టీ కూడా వద్దని వెళ్ళిపోయాడు.

ఆ మూత కింద ఒక సాలీడు,
రెండు నత్తలు, ఒక గాజు కన్ను.
నల్ల అంకెలు ఘనపు మీటర్లు, ఎర్ర అంకెలు లీటర్లు.
ఆదివారం పొద్దున్నే టార్చి పట్టుకుని మోకాళ్ళ మీద వంగితే
కుక్కని తిప్పుతున్న ముసలాయన
"ఏమైనా పోగొట్టుకున్నారా?" అని అడిగాడు.
అదే చూస్తున్నానన్నాను.

డబ్బుని నీళ్ళలా ఖర్చుపెడుతున్నావని
చిన్నప్పుడు ఎన్ని తిట్లు తిన్నానో.
ఇప్పుడు నీళ్ళని డబ్బులా ఖర్చుపెడుతున్నాను.
బియ్యం మూడుసార్లు కడిగేవాణ్ణి, రెండుకి దించాను.
కడుగు పట్టి టమాటా మొక్కలకి పోశాను.
చింతపండు నానేసిన గిన్నెని
తొలవకుండానే చారుకి పెట్టాను.
షవరు మానేసి బకెట్టూ మగ్గూ కొన్నాను,
పౌండు దుకాణంలో, రెండు పౌండ్లకి.
ఆ రెండు పౌండ్లూ తిరిగి రావడానికి
ఎన్ని స్నానాలు కావాలో కూడా రాసుకున్నాను.
మా విజయనగరంలో కుళాయి రోజు విడిచి రోజు వచ్చేది.
లెక్క బిందెల్లోనే, తగువూ బిందెల్లోనే.
ఎవరి స్నానం ఎంతైందని మాత్రం
ఎవరూ తలుపు దగ్గర చెవి పెట్టలేదు.

ఇల్లంతా నిద్రపోయాక కూడా ఎర్ర అంకె తిరుగుతోందని
జూన్‌లో తెలిసింది.
టాయిలెట్ ట్యాంకులో అరిగిన రబ్బరు వాషరు.
దారంలా, చప్పుడు లేకుండా,
మేం ఇల్లు కొన్నప్పటినుంచీ, బహుశా అంతకుముందు నుంచీ,
ఎవరికీ లెక్క లేని నీళ్ళు.
నాలుగు పౌండ్ల వాషరు. నేనే బిగించాను.
ఆ రోజు వీధంతటికీ చెప్పాను.

ఇంక తన స్నానం.
వార్డు నుంచి వచ్చి, పొద్దున ఎనిమిదిన్నరకి
షవరు కింద నిలబడుతుంది సుభాషిణి,
రాత్రి ముట్టుకున్నవన్నీ పోయేదాకా.
ఎవరి చెయ్యి పట్టుకుందో, ఎవరి కళ్ళు మూసిందో
చెప్పదు. నేను అడగను.
కింద వంటింట్లో పోపు వేస్తూ
పైకప్పులోంచి వినబడే ధారని లెక్కపెట్టేవాణ్ణి,
నిమిషానికి పది లీటర్ల చొప్పున.
నూట పది. నూట ఇరవై.
ఆవాలు మాడిపోయేవి.
పైకి ఏమీ అన్లేదు. అనబోయి నీళ్ళు నమిలేవాణ్ణి,
వాటికి మీటరు లేదు గనక.

అక్టోబరులో ఒక పొద్దున
ధార నలభై దగ్గర ఆగిపోయింది.
మెట్లు దిగి వచ్చింది. జుట్టు తడవలేదు,
చెవి వెనక ఇంకా మాస్కు తాడు గీత.
"ఇవాళ ఎంతయింది?" అంది.
ఎగతాళి కాదు. నిజంగానే అడిగింది,
టీచరుకి హోంవర్కు చూపించే పిల్లలా.

బిల్లు కూడా ఆ వారమే వచ్చింది.
నెలకి తొమ్మిది పౌండ్లు మిగిలాయి.
అవును, మిగిలాయి. అడిగినవాళ్ళందరికీ అదే చెప్తున్నాను.
డోరీన్ సూత్రం సరైనదే.
ఆ తొమ్మిదిలో రబ్బరుది ఎంతో, బియ్యంది ఎంతో,
ఆమె జుట్టుది ఎంతో
విడివిడిగా వెయ్యలేదు వాళ్ళు.

ఆ లెక్కకి నీళ్ళొదిలేశాను.
నల్ల మూత ఎత్తి నాలుగు నెలలైంది,
సాలీడు సుఖంగా ఉండి ఉంటుంది.
పొద్దున తను పైన ఉన్నంతసేపూ
రేడియో పెంచి ఉల్లిపాయలు తరుగుతాను.

మొన్న శనివారం మాత్రం
రేడియోలో బ్యాటరీ అయిపోయింది.
నూట తొంభై దాకా వచ్చాను.
అక్కడ లెక్క తప్పింది.