చూపు ఎటో సైకిలు అటే

రాత్రి ఒకటిన్నరకు ఫోను.
మూసారాంబాగ్ వంతెన మీద నీళ్లు,
అంబులెన్సు అవతలి దిక్కే ఆగిపోయిందట.
బతుకమ్మకుంట గల్లీలో ఫిర్దౌస్‌కు
నెలలు నిండకముందే నొప్పులు.
"సువార్తమ్మా, ఆటో ఒక్కటి వస్తలేదు"
వాళ్ల అత్త గొంతు
సగం ఫోన్ల, సగం వానల.

నా స్కూటీ మెట్ల కింద
సీటు దాకా మునిగి, దిక్కులేక నిలబడ్డది.
గోడకు ఆనించి కొడుకు సైకిలు.
ఇరవై ఏండ్లయింది నేను సైకిలెక్కి.

గ్లౌజులు, దారం, బ్లేడు, బొడ్డు క్లిప్పు,
పాలిథీన్‌ల చుట్టి వాడి బడిసంచిల వేసిన.
అందులో ఇంకా లెక్కల నోటుబుక్కు ఉంది, తీయలే.
చున్నీ నడుముకు బిగించి
జడ రబ్బరు బ్యాండు తీసి
కుడికాలు సల్వారుకు కట్టిన,
చైనుకు ఏదీ దొరకొద్దని.

పోయిన నెల పంక్చరు దుకాణంల
గంగారాం పిల్లగానికి చెప్తుంటే
కూరగాయల సంచితో నిలబడి
సగం విన్న, సగం వినలే:
ముందు బ్రేకు ఒక్కటే గుంజకు, బోర్ల పడ్తవ్.
తెల్లగీతల మీద వానల మలపకు.
నీళ్ల అడుగు కనపడకుంటే దిగి నడువు, సిగ్గెందుకు.
గుంతను చూడకు.
చూస్తే గుంతలకే పోతవ్.
చూపు ఎటో సైకిలు అటే.

గోల్నాక దాటిన.
కరెంటు లేదు. హ్యాండిలుకు కట్టిన సెల్‌ఫోను వెలుగు
వానను మాత్రమే చూపిస్తోంది.
ఎవరో నీళ్లెంతొచ్చినయో చూద్దామని
కారు తలుపు తెరిచిండు నా ముంగటనే.
రెండు బ్రేకులూ మెల్లగ, మెల్లగ,
తలుపు అంచు మోచేతిని రాసుకుంటూ పోయింది.
తిట్టడానికి ఊపిరి లేదు.

అలీ కేఫ్ చౌరస్తా కాడ
తెరిచిన మ్యాన్‌హోల్.
ఏ పుణ్యాత్ముడో విరిగిన ప్లాస్టిక్ కుర్చీ నిలబెట్టి
దాని మెడకు ఎర్రగుడ్డ కట్టిండు.
నా కండ్లు ఆ గుడ్డకే అతుక్కున్నయి.
నీళ్లు సుడి తిరిగి లోపలికి పోతున్న చప్పుడు,
చక్రం అటే తిరుగుతోంది,
చేతులు నావి కావన్నట్టు.
సగం విన్న మాట ఎక్కడినుంచో వచ్చింది.
కండ్లను పీకినట్టు పీకి
ఎదుటి హోటలు షట్టరు కింద కాపలాదారు బీడీ మీద పెట్టిన.
ఆ నిప్పు చుక్క దిక్కే
సైకిలు బుద్ధిగ పోయింది.

ఆరో నంబరు కాడ నీళ్లు పిక్కల దాకా.
దిగిన. నడిపించిన.
అవతల ఒక ప్రాణం ఆగదని తెలుసు,
అయినా ఒక్కో అడుగు తడిమి తడిమి.
ఇన్నేండ్లు ఎందరు ఆడవాళ్లకు చెప్పిన,
"ఇప్పుడే ముక్కకమ్మా, ఊపిరి తీసుకో" అని.
ఆ రాత్రి నాకే చెప్పుకున్న.

ఫిర్దౌస్ గల్లీల మలిగి
గుమ్మం ముంగట, దీపం వెలుగుల,
అంతా అయిపోయిందనుకుని కాలు దించుతుంటే
మోరీ బండ జారింది.
మోకాలు చెక్కుకుపోయింది.
నొప్పుల నడుమ ఆ పిల్ల తల ఎత్తి నవ్వింది:
"ఆపా, పహ్లే తుమ్ బైఠో."

మూడుం పావుకు ఆడపిల్ల.
గుప్పెడంత. ఏడుపు మాత్రం గల్లీ నిండ.
తల్లి రొమ్ముకు ఆనించి దుప్పటి కప్పి
నా చేతి గడియారం చూస్తూ కూర్చున్న
అంబులెన్సు వచ్చేదాక.
నోటుబుక్కు తడిసి ముద్దయింది.

పొద్దున గంగారాం చక్రం తిప్పి చూసిండు.
ఎక్కడికి పోయిన, ఎవరు పుట్టిన్రు, ఏమీ అడగలే.
రిమ్ము వంకర సరిచేసి,
నా మోకాలి కట్టు చూసి అన్నడు:
"తొక్కేటప్పుడు పడరమ్మా.
దిగేటప్పుడే పడ్తరు."