నూరువరహాలు

బ్రాడీపేట నాలుగో లైన్లో మా అపార్ట్‌మెంట్ గోడ వెంట
నూరువరహాల కంచె.
ఉత్తర కార్తె ముసురు వదిలేసరికి
ఆకుల మీద వరహాలు లేచాయి.
నడుమ బూడిద, చుట్టూ గోధుమ, అంచున పసుపు.
ఏ సంతలోనూ చెల్లని నాణేలు.

సెక్రటరీ సుగుణకుమారి గారు ఒకాకు తుంచి
బొద్దింకను మీసం పట్టి తెచ్చినట్టు
మా గుమ్మం దాకా తెచ్చారు.
"పీకించేసి ప్లాస్టిక్ గడ్డి పరిపిద్దామా మేష్టారూ?"

నేను మేష్టార్ని కాను.
పట్నంబజారు పురుగుమందుల కొట్లో
ఇరవయ్యేడేళ్ళు బిల్లులు రాసినవాణ్ణి.

ఆకును వెలుతురుకు పట్టాను. తిరగేశాను.
వెనక్కి తిప్పి చూడనివాడు రోగం సగమే చూసినట్టు.
ఇది నాకు కొట్టు నేర్పలేదు,
తువ్వాలు చెంగున మిరపాకు ముడేసుకుని
తొలి బస్సు దిగిన రైతులు నేర్పారు.

సాయంత్రం మెట్ల మీద కూర్చుంటే దొంగ దొరికాడు.
ఏడింటికి కుళాయి వస్తుంది.
వాచ్‌మన్ అంకమ్మరావు పైపు మూతికి బొటనవేలు అడ్డం పెట్టి
కంచె నెత్తిన వాన కురిపిస్తాడు.
వాళ్ళ పాప కెజియా ఆ తుంపర కింద గెంతుతుంది.
ఇక రాత్రంతా తడాకులు,
ఒకదాని మీద ఒకటి పడుకున్న కొమ్మలు, గాలి చొరని ఉక్క.
పడకా దుప్పటీ మనమే ఇచ్చాక
బూజు పోతానంటుందా?

"పొద్దున పొయ్యి. మొదట్లో పొయ్యి. ఆకు తడపకు.
రాలిన ఆకు పాదులోకి నెట్టకు,
సంచికెత్తి చెత్తబండికియ్యి.
లోపలి కొమ్మలు తీసెయ్, నీ చెయ్యి దూరేంత సందుండాలి.
మొక్క మొక్కకీ కత్తెరను స్పిరిట్ గుడ్డతో తుడువు."

అన్నీ విన్నాడు. తలూపాడు.
"మరి మందో?" అన్నాడు.

గొంతులో మిరపఘాటు తగిలింది నాకు.
పెదనందిపాడు వైపు నుంచి వీరరాఘవులని ఒకాయన,
ఎకరంన్నర కౌలు,
ఇదే మాట అడిగాడు, ఇలాగే నిలబడి.
ఆయన ఆకు మీద నాలుగంటే నాలుగు మచ్చలు.
పొలంలో నీరు నిలవనీకు, మచ్చాకులు ఏరెయ్,
వారం ఆగి మళ్ళీ కనపడు, అంటే సరిపోను.
ఆ మాటకు బిల్లు రాదు.
రెండు డబ్బాలు రాశాను. పైన ఒక టానిక్కు.
అప్పు పద్దులో వేలిముద్ర వేయించుకున్నాను.
నడుమ చిక్కగా, అంచున పలచగా,
నీలం మచ్చ.

"మందుంది అంకమ్మరావూ.
లీటరుకు రెండున్నర గ్రాముల మాంకోజెబ్.
ఎండెక్కకముందే కొట్టు, ఆకు వెనక తగలాలి.
పదిరోజులాగి ఇంకోసారి. మూతికి గుడ్డ కట్టు.
కానీ ముందు ఆ పైపు కిందికి దించు.
పైపు దించకుండా కొట్టే మందు
నేనమ్మిన మందులాంటిది."
అతనికర్థం కాలేదు. పైపు మాత్రం దించాడు.

మూడు వారాలకు సుగుణకుమారి గారు మళ్ళీ వచ్చారు.
"మచ్చలలాగే ఉన్నాయే!"
ఉంటాయండీ.
మచ్చపడ్డ ఆకు మచ్చతోనే రాలుతుంది,
దాన్ని కడిగే మందు ఏ కొట్లోనూ లేదు.
కొస చూడండి అన్నాను,
రాగిరంగు చిగురు, గోరంత, ఒక్క చుక్క లేదు.
ఆవిడ కళ్ళజోడు పైకెత్తి చూసి
ప్లాస్టిక్ గడ్డి మాట ఎత్తకుండా లిఫ్టెక్కారు.

కెజియాకి మాత్రం నా మీద కోపం.
వాన పోయింది. పైగా
నూరువరహాల పువ్వు కాడ పీకి తేనె చప్పరిస్తుంటే
చేతిలోంచి లాగేశాను.
"మందు కొట్టారమ్మా. పాత పువ్వు రాలి కొత్త గుత్తి వచ్చేదాకా వద్దు."
"ఎన్ని రోజులు?"
ఆ లెక్క
కొట్లో ఎవరికీ చెప్పలేదు నేను. ఎవరూ అడగలేదు కూడా.
"నెల" అన్నాను.

గోడ మీద బొగ్గుతో రోజుకో గీత గీస్తోంది.
మరిచిపోయిన రోజు నేను గీస్తున్నాను.