బెత్తెడున్నర

ఎర్రది నేలకి ఎంత ఎత్తులో ఉంటుందో
మోజెస్ మిల్లీమీటర్లలో చెప్పాడు.
నేను వంగి చేత్తో కొలిచాను.
బెత్తెడున్నర.
భీమవరం షోరూమ్ టైల్స్ మీద అది చాలా ఎక్కువే.
మా పనిలో టైల్స్ ఉండవు.
పుంత రోడ్లు, చెరువు గట్లు,
మేత లారీలు తొక్కి తొక్కి
మధ్యలో వెన్నెముక తేలిన దారులు.
నరసాపురం రేవులో పంటు ఎక్కించే ఇనప పలక
ఒక్కటి చాలు, దాని పొట్ట చీరడానికి.

పక్కనే తెల్లది నిలబడి ఉంది,
పెళ్ళిలో వడ్డనకి కొంగు బిగించిన పెద్దమ్మలా.
ఏడుగురు పడతారు. వెనక సీటు మడిస్తే
ఐసు పెట్టెలు మూడు, సీసాలు నలభై, ఒక విసురు వల.
దాని గురించి అంతకన్నా చెప్పడానికేం లేదు.

సత్తిపండు డిక్కీలో తల పెట్టి చూశాడు.
అద్దె ఇల్లు చూడ్డానికెళ్ళినా అంతే,
అటక చూసుకుని వచ్చేస్తాడు.

పదిహేనేళ్ళు మోపెడ్ మీద తిరిగాను.
కాళ్ళ దగ్గర సంచిలో సీసాలు,
ఒక్కో సీసా మీద ఒక్కో చెరువు పేరు.
ఈ రాత్రి రొయ్యలు ఊపిరందక పైకి తేలతాయో లేదో
నీళ్ళ వాసన చూసి చెప్పేదాన్ని.
"పొద్దుటికల్లా రిజల్టు కావాలండి మరి" అనేవారు రైతులు.
త్వర చాలా చూశాను.
వేగం ఎరగను.

ఎర్రదాన్లోకి ఎక్కడం కాదు, దిగడం.
నాటు పడవలోకి దిగినట్టు, ఒక కాలు ముందు.
కుచ్చిళ్ళు తలుపులో పడ్డాయి.
ఉండి రోడ్డులో, కాలవ పక్కన,
రెండో గేరులో ఒక్క తొక్కు తొక్కాను.
వీపు సీటుకి అతుక్కుంది.
కాలవలో గుర్రపుడెక్కంతా ఒకటే పచ్చ గీత.
ఎవరో నన్ను చిన్నప్పటి పేరు పెట్టి పిలిచినట్టు
ఒళ్ళు ఝల్లుమంది.
మోజెస్ డ్యాష్‌బోర్డు పట్టుకుని "యేసయ్యా" అన్నాడు.

అంతలో సగం రోడ్డంతా ధాన్యం.
దాళ్వా కోతలు. ఒకావిడ
ఉత్త కాళ్ళతో గింజల్ని దున్నుతోంది.
ఆపేలోపు ఎడమ చక్రాలు అందులోకి దిగాయి.
పొట్ట కింద గింజలు రాసుకున్న చప్పుడు,
రేకుల మీద వాన మొదలైనట్టు.
ఆవిడ కోప్పడలేదు. దగ్గరికొచ్చి, వంగి,
"ఇంత కిందకి కూకుంటే నీకేం కనపడద్దమ్మా?" అంది.
నేనేం చెప్పలేదు.
కనపడింది చాలా ఉంది.

తెల్లదానికి సంతకాలు పెట్టాను.
ఏడో సంతకం దగ్గర పెన్ను ఆగడం సత్తిపండు చూడలేదు,
మ్యాట్లు ఫ్రీయేనా అని అడుగుతున్నాడు.

నాలుగు నెలలైంది.
తెల్లది మాట వింటుంది.
గట్టెక్కుతుంది, పంటెక్కుతుంది,
బురదలో దిగబడితే తనే లేస్తుంది.
స్లైడులు ఒళ్ళో పెట్టుకుని వెనక సీట్లో
మా ల్యాబు పిల్ల జ్యోత్స్న నోరు తెరిచి నిద్రపోతుంది.
వంక పెట్టడానికి లేదు.
వెతికాను కూడా.

నిన్న వరదకి పంటు ఆపేశారు.
సఖినేటిపల్లి నుంచి చుట్టు తిరిగి
చించినాడ వంతెన మీదుగా రావాల్సొచ్చింది, ఒక్కదాన్నే.
రాత్రి పదకొండు. కింద వశిష్ఠ,
కిటికీలోంచి ఎర్రనీటి వాసన.
ఈ గట్టు నుంచి ఆ గట్టుకి తిన్నగా ఖాళీ.
నేనేమీ అనుకోలేదు.
కాలే అనుకుంది.

ఎనభై. తెల్లది చిన్నగా మూలిగింది.
తొంభై ఐదు. వెనక నలభై సీసాలూ
ఒక్కసారే మాట్లాడ్డం మొదలెట్టాయి.
నూట పది దగ్గర పెద్దమ్మ
విస్తళ్ళూ గరిటే పక్కన పడేసి
పరుగెత్తింది,
తనకి పరుగొచ్చని అప్పుడే తెలిసినట్టు.

పాలకొల్లు వచ్చి డిక్కీ తీస్తే
ఒక మూత ఊడిపోయి ఉంది.
పెనుమత్స రాజుగారి మూడో నంబరు చెరువు
సీటు కిందంతా ఒలికి ఉప్పు వాసన.
పొద్దున్నే ఫోన్ చేస్తారు, రిజల్టు అడుగుతారు.
మళ్ళీ అంత దూరం పోయి నీళ్ళు పట్టుకురావాలి.
ఏం చెప్పాలో ఇంకా తేల్చుకోలేదు.

ఇంకా తుడవనూ లేదు.